వలల గదికి ఒక పిల్లి

పిల్లి ముందు కేకు పెట్టి, కోసి, చప్పట్లు కొట్టే మనుషులను నేను తూంకుంటలోనే చూశాను. పిల్లి ఆ కేకు ముట్టలేదు. వాళ్ళే తిన్నారు.

అక్కడ కొత్త లేఅవుటు గేటుకు ఎదురుగా కుక్కలకూ పిల్లులకూ సామాన్లు అమ్మే దుకాణం ఉంది. దానికి కాస్త ఇవతల, రోడ్డు పక్కన నేను చేపలు అమ్ముతాను. ఆ దుకాణంలో కుక్కకు షాంపూ ఉంటుంది, చలికోటు ఉంటుంది. పిల్లి గోళ్ళు గీక్కోవడానికి తాడు చుట్టిన స్తంభం కూడా ఉంటుంది. పిల్లికి గీకడానికి చోటు కొనిపెట్టేవాళ్ళు ఉంటారని నాకు అంతవరకు తెలియదు. నెలకు రెండు ఆదివారాలు ఆ దుకాణం వాళ్ళు కాలనీ పార్కులో షామియానా వేసి, దిక్కులేని కుక్కపిల్లలను, పిల్లులను తెచ్చి, పెంచుకుంటామన్నవాళ్ళకు ఇస్తారు. దాన్ని దత్తత మేళా అంటారు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కంటబడ్డ బోర్డునల్లా చదువుతాను. ప్రాణానికి వెల కట్టకండి, ఇంటికి తీసుకెళ్ళండి అని పార్కు కంచెకు గుడ్డ కట్టారు. పిల్లికి వెల లేదు, నిజమే. దాని పరుపు, గిన్నె, తిండి పొట్లం మాత్రం షామియానా చివర బల్ల మీద పెట్టి అమ్ముతున్నారు.

నాకు పిల్లి కావాలి. ముద్దు చేయడానికి కాదు. శామీర్‌పేట చెరువు దగ్గర మా ఇంట్లో వలలు పెట్టుకునే గది ఒకటి ఉంది. ఎంత ఉతికినా వలకు చేపల వాసన పోదు. ఆ వాసనకు ఎలుకలు చేరి కొరుకుతాయి. మా పాత పిల్లి కరీంనగర్ రోడ్డు మీద లారీ కింద పడి చచ్చిపోయింది. అప్పటినుంచి మా ఆయన పగలంతా కూర్చుని కుట్టిన వల, తెల్లారేసరికి ఇంకో చోట తెగి ఉంటోంది. మా చేపల సంఘం వాళ్ళు చెరువు పట్టే రోజు దగ్గరపడింది. ఆ రోజు సొంత వల ఉన్నవాడు తన చేపలు తాను పట్టుకుంటాడు. లేనివాడు ఇంకొకడి వల లాగి కూలి తీసుకుంటాడు. మా ఆయన తన జన్మలో ఇంకొకడి వల లాగలేదు.

అందుకని గంప కడుక్కుని మేళాకు పోయాను.

షామియానా కింద ఒక జంట తెల్ల పిల్లికూనను ఎత్తుకుని ఫోటోలు దిగుతున్నారు. కోస్తా నుంచి వచ్చి ఆ లేఅవుటులో ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తులు. కూన రంగు తమ సోఫాకు భలే కలిసిందని ఆమె అంటుంటే ఆయన తల ఊపుతున్నాడు. చివరి బోనులో చారల గండుపిల్లి ఒకటి ఉంది. ఒక చెవి సగం చిరిగింది. యాప్రాల్‌లో ఏదో అపార్టుమెంటు సెల్లారులో దొరికిందట. దానికొక ఇంగ్లీషు పేరు పెట్టారు, నాకు నోరు తిరగలేదు. వచ్చినవాళ్ళంతా దాని దగ్గరికి రాగానే అడుగు జోరు పెంచుతున్నారు. నేను వంగి చూస్తే బుస్సుమంది. నాకు నచ్చింది.

దుకాణం నడిపేది ముప్పై ఏళ్ళ అమ్మాయి. ఆమెదీ విజయవాడ వైపు మాటే.

"మేడమ్, గా చారల పిల్లి నాకియ్యుండ్రి."

ఆమె నా గంప వైపు చూసింది. "మీకా అమ్మా? ఇంట్లో కిటికీలకి మెష్ ఉందా?"

"కిటికీనే లేదు మేడమ్."

"మరి బయటికి వెళ్ళిపోదూ?"

"పోతది, వస్తది. పిల్లి గదా, కొత్త కోడలా ఏంది?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "దానికి ఏం పెడతారండీ?"

"చేప తలకాయలు. మిగిలింది అదే పట్టుకుంటది. గందుకే గదా అడుగుతున్న, వలల గదిల ఎలుకలు మస్తు ఐనయ్."

"అయ్యో, పని చేయించుకోడానికైతే ఇవ్వమమ్మా. కుటుంబంలో ఒకళ్ళలా చూసుకోవాలి."

"మా కుటుంబంల పని జెయ్యనోళ్ళు ఎవలున్నరు మేడమ్?"

ఆమె ఫోను తీసి మా ఇంటి గుర్తులు రాసుకుంది. ముందు మీ ఇల్లు చూడాలి అంది. నన్ను ఇచ్చేటప్పుడు మా నాయిన కూడా ఆ ఇల్లు చూడలేదు.

అయినా వచ్చింది. స్కూటీ దిగి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, గదిలో గోడల సందులు, రేకుల సందులు వెతికింది. నేను ఆమె వెనకాలే తిరుగుతూ, ఈమెకు ఇల్లు అద్దెకు కావాలా పిల్లికి కావాలా అనుకున్నాను. మా ఆయన గడప మీద కూర్చుని వల కుడుతున్నాడు. ఆమె అతని ముందు ఆగింది.

"ఇదంతా ఎలుకలేనా బాబాయ్?"

"ఎలుకలే బిడ్డా. ఇది నిలవకపోతే నేను పరాయోళ్ళ వల గుంజాలె." తల ఎత్తకుండానే చెప్పాడు.

ఆమె చున్నీ తీసేసింది. కాసేపు ఆ వలనే చూసి, "ఇస్తాను. కానీ వారం పది రోజులు గది తలుపు తీయకూడదు. ఇది తన చోటని దానికి తెలియాలి. లేకపోతే వెళ్ళిపోతుంది" అంది.

సరే అన్నాను, నోటితోనే. మా పాత పిల్లికి ఇల్లు ఎవరు నేర్పారు? దుకాణంలో స్తంభాలు అమ్ముకునే పిల్ల, చెరువు గట్టున పుట్టిన నాకు పిల్లి సంగతి చెప్పాలా?

పిల్లి వచ్చింది. వలల వెనక దూరి, పెట్టిన తలకాయలు తినకుండా నన్నే మిర్రిమిర్రి చూసింది. మర్నాడు వల మీదే ఉచ్చ పోసింది. "పో, బయట పోసుకో" అని తలుపు తీశాను. గోడ దూకి పోయింది. పోయిందే పోవడం.

ఆ వారంలోనే ఆ దుకాణం మెట్ల మీద తేలింది. నేను చేపలు సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి, నా గిరాకీల ముందే, "అమ్మా, మీ పిల్లి మా దగ్గరుంది. ఆదివారం మేళాకి రండి, మాట్లాడాలి" అని చెప్పి పోయింది.

పోక తప్పలేదు. షామియానా పక్కన నాలుగు కుర్చీలు వేశారు. పిల్లులను తిరిగి ఇచ్చినవాళ్ళు కూర్చునే చోటట అది. తెల్ల కూనను తీసుకున్న జంట అప్పటికే కూర్చుని ఉన్నారు. కూన ఒళ్ళో ఉంది, దాని పరుపు కాళ్ళ దగ్గర ఉంది.

"మీది కూడా గీకేస్తోందాండీ?" అని ఆమె నన్ను అడిగింది. జాలిగా అడిగింది. చేపలు కొనేటప్పుడు ఏనాడూ నన్ను అండీ అననిది, ఆ రోజు తన జట్టులో కలుపుకుంది. నా ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

"మా ఇంట్ల సోఫా లేదమ్మా" అని కుర్చీలోంచి లేచాను.

దుకాణం అమ్మాయి అడిగింది, "తలుపు ఎవరు తీశారమ్మా?"

"గాలికి తెరుసుకున్నది మేడమ్."

"గడియ కూడా గాలే తీసిందా?"

జంట నవ్వారు. వాళ్ళకు నవ్వే యోగ్యత లేదు, కానీ నవ్వారు.

"ఇంకోసారి ఇయ్యి మేడమ్" అన్నాను. "చెరువు పట్టుడు దగ్గరకొచ్చింది. ఉన్న ఒక్క వల ఇంకో నాలుగు చోట్ల తెగింది."

ఆమె షామియానా లోపలికి పోయింది. పిల్లి ఉన్న బోను తెచ్చి నా గంపలో పెట్టింది. "ఈసారి గాలి రాకుండా చూడండి" అంది. ఎంత పొగరు! పడ్డాను.

గదికి గడియ పెట్టాను. తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను. పిల్లి అరిచింది, తలుపు గీకింది. "ఏందే, పిల్లిని జైల్ల ఏసినవ్?" అన్నాడు మా ఆయన. అని, తనూ లోపలికి పోయి దానితోపాటే తలుపు మూయించుకుని కుట్టుకున్నాడు. మొదట అది మూల వదల్లేదు. తర్వాత తలకాయలు తింది. ఒక పొద్దున తలుపు తీసేసరికి వల పక్కన పందికొక్కు చచ్చి పడి ఉంది, మెడ విరిగి. ఆ తర్వాత మా ఆయన వెతికి వెతికి చూసినా వలకు కొత్త చిరుగు కనబడలేదు.

దుకాణంలో గోడకు పెట్టుకుంటాం, పిల్లి ఫోటో పంపమని ఆ అమ్మాయి అడిగింది. ఎలుకను నోట కరుచుకున్న ఫోటో పంపాను. ఎలుక లేనిది పంపగలరా అని జవాబొచ్చింది. పంపలేదు.

చెరువు పట్టే రోజు మా ఆయన తన వల తన భుజాన వేసుకుని కట్ట మీదికి నడిచాడు. నేను గంపతో వెనక నడిచాను. ఎలుకలు కొట్టగా వల లేక కూలికి వచ్చిన మా వాడకట్టు మనిషి ఒకడు అడిగాడు, "నీదెట్ల నిలిచింది మామా? మా ఇంట్ల రెండు పిల్లులుండి గూడ తునకలైపాయె."

"మా ఇంటామె గదికి గడియ పెట్టింది" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మాట ఈయన నోట వినాల్సి వచ్చింది. ఇంతలో వల నీళ్ళలోకి జారింది. ఇద్దరు కూలివాళ్ళు తాడు అందుకున్నారు. మా ఆయన ఒడ్డున నిలబడి, ఎటు లాగాలో వాళ్ళకు చెబుతున్నాడు.