సర్దార్ బీ కుట్టిన చాకు ఒర

బన్సీలాల్‌పేటలో గుర్రపు జీన్లు కుట్టే భర్త చనిపోయాక, ఆయన తోలు కుట్టే ఆరె, సూదులు అందుకుని సర్దార్ బీ ఇల్లు నెట్టుకొచ్చింది. పోలీసు యాక్షన్ అయిన కొత్తలో, బడిలో బొమ్మలు నేర్పే దేవసహాయం సారు వచ్చి, పెన్సిళ్లు చెక్కుకునే మడత చాకుకు తోలు ఒర కావాలన్నాడు.

సర్దార్ బీ ఆ చాకును ముట్టుకోలేదు.

"ఇంటింటికీ సోదాలైతున్నయి సారూ. తోలు కోసే కత్తిని చూస్తే పనిముట్టనుకుంటరు. గీ చాకు దొరికితే నా మాట ఎవలింటరు? కొలత ఇచ్చి పోండ్రి, కుట్టి పెడ్త."

సారు నొచ్చుకోలేదు. అరుగు మీద కూర్చుని, అదే చాకుతో ఒక కట్టెముక్కను సరిగ్గా మడిచిన చాకంత చెక్కి ఆమె చేతికిచ్చాడు.

"ఇది దొరికితే ఎవరూ ఏమీ అనరులేమ్మా" అన్నాడు.

ఆమె తోలు నానబెట్టి, ఆ కట్టెకు బిగుతుగా చుట్టి ఆరనిచ్చింది. అంచు వెంట ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పూసిన దారంతో కుట్టింది. దారం ముడి వేస్తుండగానే సిపాయిలు సోదాకు వచ్చారు. ఒకడు ఒర కనిపించగానే చటుక్కున అందుకుని లోపలిది బయటికి లాగాడు. కట్టెముక్కను చూసి నవ్వాపుకోలేక పక్కవాడికి చూపించాడు. వాళ్లు గల్లీ దాటేదాకా సర్దార్ బీ నిలబడే ఉంది.

మర్నాడు సారు చాకును ఒరలో పెట్టి చూసుకున్నాడు.

"కొంచెం బిగుతుగా ఉందమ్మా."

"కొత్త తోలు గదా సారూ. వాడంగ వాడంగ అదే జెర సాగుతది."

ఆ ఒర చూసి బడిలో పంతుళ్లు కళ్లజోళ్లకు కూడా అలాంటివి కుట్టించుకున్నారు. జీన్ల పని తగ్గిపోయిన ఆ రోజుల్లో సర్దార్ బీకి అదే బతుకుతెరువైంది.