నల్లకుక్క కడుపు

ఈ హిందీ ఊళ్ళో, మోవా పేటలో మేము అద్దెకున్న ఇంటికి ఆ కుక్కపిల్లను మా ఆయన తెచ్చాడు. భన్‌పురిలో ఆయన పనిచేసే ట్రాన్స్‌పోర్టు యార్డులో, ఎన్నాళ్ళగానో కదలని ఒక లారీ కింద పుట్టిందట. చొక్కాలో పెట్టుకుని స్కూటర్ మీద తీసుకొచ్చాడు. ఒంటిమీద వెతికినా తెల్లవెంట్రుక దొరకదు, అంత నలుపు. పెరిగి పెరిగి పిల్లి కంటే కాస్త పెద్దదయింది, అంతే. నాకు కుక్కలు గిట్టవని మొదటిరోజే తేల్చి చెప్పాను. వారం తిరక్కుండా అది నా చీర కుచ్చెళ్ళ మీద తప్ప పడుకోవడం మానేసింది. దాన్ని లేపడానికి మనసొప్పక వంట ఆలస్యం చేసిన రోజులున్నాయి.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి దాని కడుపు చెడింది. తెల్లారుతూనే పసుపుపచ్చ నురగ కక్కేది. తర్వాత జిగటగా విరేచనాలు. కడుపులో గుడగుడమనే చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. ముందుకాళ్ళు చాచి, ఛాతీ నేలకానించి, నడుం పైకెత్తి అలాగే ఉండిపోయేది. ఆడుకుంటోందనుకుని మొదట నవ్వాను కూడా. నొప్పి తట్టుకోలేక అలా చేస్తుందని పశువుల డాక్టరు చెప్పాక ఆ నవ్వు తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళుమండింది.

డాక్టరు మెడ దగ్గర చర్మం కింద సెలైన్ ఎక్కించాడు. దీని పాంక్రియాస్ నాజూకు, నూనె గాని నెయ్యి గాని నాలిక్కి తగలకూడదు అన్నాడు. మెత్తగా ఉడికిన అన్నం, తోలు తీసి ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం, కాస్త గుమ్మడికాయ, ఇంతే పెట్టమన్నాడు. ఇంత చిన్న ఒంట్లో నీళ్ళెన్ని ఉంటాయి, గట్టిగా ఒక పూట కక్కిందంటే ఎండిపోతుంది అని కూడా అన్నాడు. ఆ మాట మామూలుగా అనేసి ఇంకో కుక్క వైపు తిరిగాడు. ఆయన అంత మామూలుగా అనడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చెప్పింది చెప్పినట్టు చేశాను. మాది శనివారం నీచు ముట్టని ఇల్లు. దేవుడు కుక్క సంగతి అర్థం చేసుకోకపోడని దాని కోసం వేరే గిన్నె, వేరే గరిట కొని శనివారం కూడా కోడిమాంసం ఉడకబెట్టాను. రెండు మూడు రోజుల్లో లేచి తిరిగేది. బుధవారానికి తోక ఊపేది. శుక్రవారం గుమ్మంలో ఈగల వెంట పడేది. అమ్మయ్య అనుకుంటుండగానే ఆదివారం పొద్దున మళ్ళీ నురగ. వారం తర్వాత వారం ఇదే వరస.

నాకు అనుమానం పట్టుకుంది. కుళాయి నీళ్ళు కాచి చల్లార్చి పోశాను. నేల తుడిచే ఫినాయిల్ మానేశాను. బల్లుల వెంటబడ్డాను. అవేవీ కాదని తేలాక మా ఆయన మీద పడ్డాను. శనివారం పొద్దున నైట్ డ్యూటీ దిగి వస్తూ ఆయన నూనె ఓడే కచోరీలు తెచ్చుకుంటాడు. ఆ టైముకి నేను ఇంట్లో ఉండను. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. చేతులు వాసన చూశాను, జేబులు తడిమాను. పాపం ఆయన నిద్రకళ్ళతో నిలబడి చూశాడు.

"దానికి నేనేటీ పెట్టలేదు. భరోసా లేదేటి నా మీద?" అన్నాడు.

లేదు. ఆ మాట మొహాన అనలేదు గాని, నేను ఇంట్లో ఉన్నప్పుడల్లా ఆయన తింటున్నంతసేపూ కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను.

శనివారం పొద్దున నేను ఇంట్లో ఉండనిది బాలాజీ గుడికి వెళ్ళడం వల్ల. ఇదివరకు వీలైనప్పుడు వెళ్ళేదాన్ని. కుక్క కడుపు చెడ్డాక ఒక్క వారం మానలేదు. కుక్క కోసం మొక్కానంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పూజారి అర్చనకు పేరడిగితే మా ఆయన పేరు చెప్పి, మనసులో కుక్కను తలుచుకునేదాన్ని. దేవుడు ఎవరి కడుపు బాగుచేయాలో తేల్చుకోలేకపోతున్నాడేమో అని కూడా అనిపించేది.

ఒక ఆదివారం అది లేవనే లేదు. చిగుళ్ళు పాలిపోయి, నోట్లో వేలు పెడితే అట్టలా పొడిగా తగిలింది. ఆసుపత్రిలో నరం దొరక్క డాక్టరు చాలాసేపు వెతికాడు. పట్టుకోమని దాన్ని నా చేతుల్లో పెట్టాడు. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది, అది ఆగిపోతుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. చివరికి సెలైన్ ఎక్కింది. ఇంకోసారి ఇలా అయితే నా చేతిలో ఏమీ ఉండదు, ఎవరో దీనికి ఏదో పెడుతున్నారు, చూసుకోండి అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చే దారంతా దాన్ని మా ఆయన చేతికి ఇవ్వలేదు.

తర్వాతి శనివారం గుడికని బయల్దేరాను. వాన దంచేస్తోంది. రోడ్డు మీదికి వెళ్ళి నిలబడితే ఒక్క ఆటో ఆగలేదు. సగం తడిసి విసుక్కుంటూ వెనక్కి వచ్చాను. మా గేటు దగ్గర గొడుగు కింద పక్కింటి దీదీ గొంతుక్కూర్చుని ఉంది. గేటు ఊచల్లోంచి చేయి లోపలికి పెట్టింది. ఆ చేతిలో రొట్టె, నూనె కారుతోంది. మా నల్లది తోక ఊపుతూ తింటోంది. మా ఆయన లోపల నిద్రపోతున్నాడు.

నేను గేటు తోసుకెళ్ళి కుక్క నోట్లోంచి మిగిలిన రొట్టె లాగి కాలవలోకి విసిరాను. దీన్ని చంపుతున్నారు మీరు అని హిందీలో అరిచాను. దీదీ నాకంటే బాగా పెద్దావిడ, వానలకు ముందే వాళ్ళాయనను ఆసుపత్రిలో చేర్చారు, అప్పటినుంచి ఇంటికీ ఆసుపత్రికీ మధ్య తిరుగుతోంది. అవన్నీ నాకు తెలుసు. అయినా అరిచాను.

ఆమె లేచి నిలబడింది. జ్యోతిషి చెప్పాడంది. వాళ్ళాయన మీద శని ఉందట, ప్రతి శనివారం నల్లకుక్కకు ఆవనూనె రాసిన రొట్టె పెడితే దిగుతుందట. గల్లీలో ఉన్నవన్నీ ఎర్రకుక్కలు, మచ్చల కుక్కలు. నలుపంటే మా ఇంట్లోదే. అడిగితే నేను ఒద్దంటానేమోనని, నేను గుడికి వెళ్ళాక వచ్చేదట. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా, శనివారమంటే మాకు బాలాజీయే. వాళ్ళకు ఇలాంటిదొకటి ఉందని నాకు తెలియదు. నేను దాని కడుపు కోసం ప్రదక్షిణలు చేసే గంటలోనే ఆమె వాళ్ళాయన ప్రాణం కోసం దానికి నూనె రొట్టె తినిపిస్తోంది.

దానికి నూనె పడదని, ఆదివారం మొత్తం కక్కేస్తుందని చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"హర్ బార్? ప్రతిసారీ కక్కేసిందా?" అంది.

ప్రతిసారీ అన్నాను. అన్నాక గాని తెలియలేదు ఆమె ఏం అడిగిందో. తను పెట్టిన ఒక్క రొట్టె కూడా చేరాల్సిన చోటికి చేరలేదని ఆమెకు అప్పుడే తెలిసింది. గొడుగు అక్కడే వదిలేసి తడుస్తూ వాళ్ళింట్లోకి వెళ్ళింది. నా కోపం నామీదికే తిరిగింది. మధ్యాహ్నం మా ఆయనకు కచోరీలు నేనే తెచ్చిపెట్టాను.

సగం రొట్టే తిన్నది గనక ఆ ఆదివారం కాస్త కక్కి ఊరుకుంది. ఆ వారమంతా నేను గేటుకు గొళ్ళెం పెట్టి, దాని గిన్నె చుట్టూ తిరిగాను. శుక్రవారానికి విరేచనం గట్టిపడింది. ఆనందం పట్టలేక ఆ సంగతి యార్డుకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

శనివారం నేను గుడికి వెళ్ళలేదు. పొద్దున్నే దీదీ గేటు బయట నిలబడింది. తలంటుకుని, జుట్టు ముడేసుకుని, చేతిలో స్టీలు పళ్ళెం, దానిలో చిన్న రొట్టె. నూనె చుక్క కూడా లేదు, పొడిది. మధ్యాహ్నం వాళ్ళాయనకు ఆపరేషన్, గట్టెక్కడం కష్టమన్నారట. మీరు ఒద్దంటే వెళ్ళిపోతాను అంది. పొడి రొట్టె ముక్కకు పరవాలేదని డాక్టరు ఒకసారి చెప్పాడు. గొళ్ళెం తీశాను.

కుక్క వచ్చి రొట్టె వాసన చూసింది. మొహం తిప్పుకుంది. ఆమె మళ్ళీ నోటి దగ్గర పెట్టింది. అది వెనక్కి జరిగి నా కాళ్ళ మధ్య దూరింది. దీదీ రొట్టెను పళ్ళెంలో పెట్టేసింది.

"ఇది కూడా కాదంటోంది, భాభీ," అంది.

అన్ని వారాలుగా అది పరాయి చేతి మెతుకు ముట్టకూడదని కాపలా కాసినదాన్ని, నేలమీద కూలబడి తినమ్మా, నా తల్లి కదూ, ఒక్క ముక్క తిను అని బతిమాలాను. తినలేదు. నాకు ఏడుపొచ్చింది. దీని పళ్ళకు బలం లేదు, గోరువెచ్చటి నీళ్ళల్లో నానబెట్టి తెస్తానని రొట్టె తీసుకుని వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద దాని కోడిమాంసం ఉడుకుతోంది. పైన తేలిన కొవ్వంతా తీసేసి, అడుగున ఉన్న నీళ్ళలో రొట్టె ముంచాను. దీదీ వాళ్ళు గుడ్డు పెంకు గుమ్మంలో పడినా ఇల్లంతా కడుక్కునే మనుషులు. అయినా ముంచాను.

గిన్నె తెచ్చి కుక్క ముందు నేనే పెట్టబోయాను. దీదీ చేయి చాపింది. తన చేత్తోనే పెట్టాలట. తడి రొట్టె వేళ్ళతో తీసి పైకెత్తింది, ఆగింది. వాసన తగిలింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆమె వంగి ముక్కలు చేసి పెట్టింది. కుక్క ఆత్రంగా తిని, చివర ఆమె వేళ్ళు కూడా నాకింది.

"పూరా ఖా లియా న, భాభీ?" అంది.

మొత్తం తినేసింది దీదీ అన్నాను. ఆమె కుక్కకు దండం పెట్టింది. వీధి చివర ఆటో ఆగి ఉంది. మా గేటు పక్కనే కుళాయి ఉంది, చెంబు కూడా ఉంది. చేయి కడుక్కోకుండానే వెళ్ళి ఆటో ఎక్కింది.