గుట్ట మీది మంచం: తాండూరు నుంచి వికారాబాదు

ఆ వారమంతా పొద్దున మంచు, పది దాటితే చురుకైన ఎండ. సోమవారం నేనూ నా భార్యా కళ్లంలో కందికట్టె కొడుతున్నాము. గాలి సరిగ్గా లేక తూర్పార పట్టడం ఆపుకున్నాము. టపా మనిషి కళ్లం దాకా నడిచి వచ్చి ఒక కార్డు ఇచ్చాడు. వికారాబాదు గుట్ట మీది క్షయ ఆసుపత్రి నుంచి వచ్చిన కార్డు అది. మా చెల్లెలు లచ్చమ్మకు మంచం ఖాళీ అయిందనీ, గురువారం సాయంత్రం లోపల వచ్చి చేరకపోతే దాన్ని వేరొకరికి ఇస్తామనీ ఉర్దూలో రాసి ఉంది. నేను ఐదో జమాత్ దాకా ఉర్దూ బడిలో చదివాను కాబట్టి ఎవరినీ అడగనక్కరలేకపోయింది. రజాకార్ల గడబిడ అణిగి నాలుగైదేళ్ళు అయిన కాలం. ఆ రోగానికి మా తట్టు మంచం దొరికే చోటు మరొకటి లేదు. ఇప్పటికీ ఈ దారిన రోగిని తీసుకుపోయేవాళ్ళు నన్ను అడుగుతుంటారు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

దసరా ముందు లచ్చమ్మ నోట రక్తం పడితే తాండూరు డాక్టరు గుట్టకు పంపాడు. అక్కడ ఛాతీకి ఫోటో తీసి, మంచాలన్నీ నిండి ఉన్నాయని పేరు రాసుకుని తిప్పి పంపారు. చిరునామా నాదే ఇచ్చాము. లచ్చమ్మకు ఊరు ఉంది గాని అందులో ఉండేది వానకాలం నాలుగు నెలలే. మా ఇంట్లో గొర్రెలు మా నాయన కాలంలోనే పోయాయి. ఆమె మగడు బీరయ్యకు ఇంకా మంద ఉంది. పంటలు కోసిన చేలల్లో రాత్రుళ్ళు మందను ఆపితే చేనికి ఎరువు దొరుకుతుంది, అందుకు రైతు జొన్నలు పోస్తాడు. అలా చేను వెంట చేను తిరిగే మందతో లచ్చమ్మ కూడా నడుస్తూ, మగడికీ ఇద్దరు మరుదులకూ వండి పెడుతుంది. కార్డు నా చేతిలో ఉంది గాని మనిషి ఎక్కడుందో నాకు తెలియదు.

కళ్లం నా భార్యకు అప్పగించి మధ్యాహ్నమే బయలుదేరాను. మంద కులకచర్ల దారి పట్టిందని మాత్రం తెలుసు. మందను వెతకడం కష్టం కాదు. అది పడుకున్న చేను దూరం నుంచే నల్లటి చదరంగా కనిపిస్తుంది, చుట్టూ దడిగా కట్టిన ముళ్ళకంప గీసుకుపోయిన గీతలు ఉంటాయి. పెంటికలు ఎండిపోయి ఉంటే మంద పోయి వారం, చేత్తో నలిపితే మెత్తగా ఉంటే మొన్ననే పోయినట్టు. ఆ రాత్రి ఒక ఊళ్ళో తెలిసినవాళ్ళ అరుగు మీద పడుకుని, మంగళవారం మధ్యాహ్నానికి ఒక పటేలు చేనులో వాళ్ళను పట్టుకున్నాను.

బీరయ్య గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఏం బావా, కందులు ఇడ్సిపెట్టి గొర్ల ఎంట వడ్డవ్?" అన్నాడు.

కార్డు సంగతి చెప్పాను. ఇప్పుడే లేస్తే రేపు మధ్యాహ్నానికి తాండూరు చేరవచ్చని అన్నాను.

"నాలుగు అచ్చరాలు నేర్సినకాడికెల్లి నీకు తొందరెక్కువైంది," అన్నాడు. "పోతే పోండ్రి, నేనేమన్న అడ్డమా? రొట్టెలు మేం కాల్సుకోమా?"

"నువ్వు కాలిస్తే కుక్క గూడ మూతి దిప్పుకుంటది," అని అతని తమ్ముడు నవ్వాడు.

లచ్చమ్మ వాళ్ళ దగ్గర లేదు. వంట అయ్యాక మందకు అవతలి పక్కకు పోయి ఒక్కతే కూర్చుంది. ఆమె గిన్నె, చెంబు వేరుగా ఒక రాయి కింద పెట్టి ఉన్నాయి. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదట. నేను దగ్గరికి పోతే చేయి అడ్డం పెట్టి, కొంచెం దూరంలోనే కూర్చోమంది.

"గీ చేన్ల ఇంక రెండు రాత్రులున్నయన్నా. బేస్తారం పొద్దుగాల మంద లేస్తది. జొన్నలు పట్టినంక పోదాం," అంది.

మందవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఒక చేనికి ఇన్ని రాత్రులని మాట అయ్యాక మధ్యలో లేవకూడదు. లేచే పొద్దున రైతు ఇంటి ఆడమనిషి చేటతో జొన్నలు పోస్తుంది, మంద ఆడమనిషి కొంగు పట్టాలి. మగవాడు గోనె పట్టుకుని నిలబడితే మంద చెడిందని లెక్క, మరుసటి ఏడు ఆ చేనికి పిలుపు రాదు.

"నీ పానం కంటె జొన్నలు ఎక్కువనా?" అన్నాను.

"జొన్నల ఫికర్ గాదన్నా. నేను కనవడకుంటె నీ ఆడిది ఏదిరా అని అడుగుతరు. ఏం జెప్తడు గీయన? పోయినేడు నవాబుపేట దిక్కు ఒక మందల ముసలోడు దగ్గుతుండని ఊరోళ్ళు లేపి ఎల్లగొట్టిండ్రు. మల్ల పిలిసిండ్రా ఆళ్ళను? దగ్గు బీమారి మంద అని పేరువడితే గీ గొర్లన్ని ఏడ పండాలె?"

చివరకు ఆమే లెక్క చెప్పింది. గురువారం పొద్దున్నే పటేలు కందుల బండి తాండూరు గంజి బజారుకు అమ్మకానికి పోతుంది, సాయంత్రం రైలుకు వికారాబాదు చేరతాము, కార్డులో ఉన్నది కూడా గురువారమే. అందరం ఆ లెక్క సరిపోయిందనుకున్నాము. రెండు రాత్రులు నేనూ అక్కడే పడుకున్నాను. పగలు ముళ్ళకంప జరపడానికి సాయం చేశాను.

గురువారం పొద్దు పొడవకముందే మందను లేపారు. పటేలు భార్య చేటతో వచ్చింది. పెద్ద వయసు మనిషి, మాటకారి.

"ఏమే లచ్చమ్మా, గింత సన్నవడ్డవ్? నీ మొగడు గొర్లకే మేపుతడా, నీకేమన్న వెడ్తడా?"

లచ్చమ్మ పెదవులు విప్పకుండా నవ్వి కొంగు పట్టింది. మూడు చేటలు పోసేదాకా దగ్గు ఆపుకుంది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముసలామె జొన్నల దుమ్ము అనుకుని, "కండ్లల్ల వడ్డదా బిడ్డా," అంది. లచ్చమ్మ తల ఊపి, మూట బీరయ్యకు ఇచ్చి, కంప దాటి వాగు పక్కకు పోయి అక్కడ కూర్చుంది. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. బీరయ్య జొన్నల్లో సగం వేరే మూట కట్టి మా బండిలో పెట్టాడు. తన గొంగడి కూడా తెచ్చి ఆమె మీద వేశాడు. "మంచిగయినంక కబురు వెట్టు," అన్నాడు. మంద తూర్పుకు, మా బండి పడమరకు కదిలాయి.

బండిలో తాండూరుకు పూట పైనే పడుతుంది. కందుల మూటల మీద కూర్చున్నాము, బండివాడు డబ్బులు తీసుకోలేదు. స్టేషను పక్కన నాపరాళ్ళు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వికారాబాదుకు మూడో తరగతి టికెట్టు అణాల్లోనే, సాయంత్రం ప్యాసింజరు అప్పటికి గంట ఆలస్యం. ప్రయాణం గంటన్నర. సేడం వైపు నుంచి వస్తున్న ఒక కుటుంబం జరిగి కిటికీ పక్కన చోటు ఇచ్చింది. లచ్చమ్మ రెండుసార్లు దగ్గాక వాళ్ళలో ఒకామె కన్నడంలో ఏదో అడిగింది. అది ఏం దగ్గని అడిగిందని మా ఇద్దరికీ అర్థమైంది; లచ్చమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ధారూరు దాటేసరికి ఆ బెంచీ మీద మేమిద్దరమే ఉన్నాము.

వికారాబాదులో దిగేసరికి పొద్దు గుంకుతోంది. స్టేషను బయట ఒకే టాంగా ఉంది. గుట్ట అనగానే తోలే సాయబు చేయి అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడా? నై భాయ్. పొద్దుగూకినంక చిర్తపులి దిగుతది. నేనెక్కుతనేమో గాని నా గుర్రం ఎక్కదు."

"ఇయ్యాల్నే చేరాలె సాబ్. మంచం పోతది."

"దఫ్తరు గూడ బందయ్యే యాల్ల. పైన తలుపు గొట్టినా ఎవ్వరు పలుకరు. పొద్దుగాల అందరికంటే ముందు మిమ్మల్నే ఎక్కిస్త, సరేనా?"

రాత్రి ముసాఫిర్‌ఖానాలో పడుకున్నాము. శుక్రవారం తెల్లవారగానే అతను మాట ప్రకారం వచ్చాడు. బాడుగ రూపాయి. గుట్ట రెండు కోసుల దూరం ఉంటుంది, సగం దాటాక గుర్రం దమ్ము తీసుకోవడానికి ఆగుతుంది. చెట్లు దట్టంగా ఉండి గాలి చల్లగా తగిలింది. లచ్చమ్మ ఆ గాలిని పీల్చి, "గీడ మంద వెట్టనియ్యరా?" అని అడిగింది. అడవి సర్కారుదని టాంగా అతను చెప్పాడు.

దఫ్తరు గుమాస్తా కార్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ కార్డు చూశాడు. "నిన్న పొద్దుగూకేదాక సూసినం. ఎవ్వరు రాలే. మోమిన్‌పేట నుంచి ఒకామె మూడు దినాలసంది వరండల పడి ఉండె, ఆమెకిచ్చినం."

రైలు ఆలస్యమనీ, టాంగా ఎక్కలేదనీ చెప్పాను.

"రోగి రాకున్నా ఒక్క మనిషొచ్చి దారిల ఉన్నదని చెప్తే ఆపుతుంటిమి. గిట్ల శానసార్లు ఆపినం. నువ్వు ఒక్కనివన్న రాకపోతివా?"

లచ్చమ్మ గోడకు ఆనుకుని వింటోంది. పేరు మళ్ళీ అడుగున రాశారు. డాక్టరమ్మ ఆమె వీపు మీద గొట్టం పెట్టి చూసి, మంచం దొరికేదాకా కిందనే ఎక్కడైనా ఉంటే రోజూ పొద్దున సూది ఇస్తామంది. ఊరికి పోతే మాత్రం వానలు చూడదని నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

టాంగా సాయబు అప్పటికీ పోలేదు. "నాకు ఎరుకున్న ముసలామె ఉంది, దేవమ్మ అని. గుట్ట మొదట్ల ఇల్లు. గిట్ల మంచం కోసం ఆగేటోళ్ళను ఉంచుకుంటది," అన్నాడు.

దేవమ్మ క్రైస్తవుల ఆడమనిషి, వెనుకటికి కూలికి పోయి బతికింది. మగడు ఆ గుట్ట మీదనే చనిపోయాడు. ఇంటి పక్కన దించిన చూరు కింద మూడు చాపలు పరిచి ఉన్నాయి, రెండింటి మీద మనుషులు ఉన్నారు. ఆమె మా మూట చూసి, "గిన్నె వేరే తెచ్చుకుందా?" అని అడిగింది. తెచ్చుకుందన్నాను. "మంచిది. రోజు పొద్దుగాల పాల బండి గుట్టెక్కుతది, దాన్ల కూసోవెడ్త," అంది. లచ్చమ్మ అప్పటికే ఇంటికి దూరంగా బాట అంచుకు పోయి, కొంగు నోట కుక్కుకుని వంగి ఉంది. దేవమ్మ ఇక్కడి నుంచే కేక వేసింది.

"ఓ బిడ్డా! గాడికెందుకు ఉరుకుతున్నవ్? గీడ అందరు దగ్గేటోళ్ళే. వచ్చి నీ జాగల కూసోని మంచిగ దగ్గు. ఎవ్వనికి దాసిపెట్టుడు?"

లచ్చమ్మ వచ్చి మూడో చాప మీద కూర్చుంది. కొంగు తీసేసి దగ్గింది. అంత గట్టిగా ఆమె దగ్గడం నేను వినడం అదే మొదలు. జొన్నల మూట దేవమ్మకు ఇచ్చాను. శనివారం మధ్యాహ్నం బండికి ఒక్కడినే తాండూరు పోయాను.

మళ్ళీ ఎండలు ముదిరాక కందిపప్పు పట్టుకుని పోయాను. మంచం ఇంకా రాలేదు. లచ్చమ్మ ముఖం కొంచెం తేరింది, పక్క చాపల మీద మనుషులు మారారు. ఆ పొద్దున్నే బీరయ్య కూడా జొన్నలు ఎత్తుకుని వచ్చాడు. చూరు కిందికి రాకుండా బయటే నిలబడి చెప్పాడు.

"మూడూర్లు తిరిగిన. ఆడమనిషి ఏదని అడుగుతుండ్రు, మందను వద్దంటుండ్రు. మొగడిడ్సిన పిల్ల ఒకామె ఉండె. తెచ్చుకున్న."

లచ్చమ్మ అడిగింది: "రొట్టెలు మంచిగ జేస్తదా?"

"జేస్తది."

"కుక్కకు గూడ ఏస్తదా?"

"ఏస్తది."

ఆమె లోపలికి పోయి గొంగడి మడత పెట్టి తెచ్చి ఇచ్చింది. "తీస్కపో. పైన గొంగళ్ళు రానియ్యరంట, దుప్పటి ఇస్తరంట. వానలల్ల నీకే సలి," అంది. దేవమ్మ అతనికి చెంబెడు మంచినీళ్ళు ఇచ్చింది. తాగి చెంబు బోర్లించి పెట్టాడు.

నేను ఆ గుట్ట చాలాసార్లు ఎక్కాను. మందు ఉన్న చోటికీ మా మనుషులు ఉన్న చోటికీ మధ్య ఉన్న దూరం కోసుల్లో చెప్పగలిగినంతే అయితే టాంగా, రైలు చాలు. మంద ఆగిన చేనులో ఇంకా రెండు రాత్రులు మిగిలి ఉండడం కూడా ఒక దూరమే. ఆసుపత్రికి అది తెలియదు, చెప్పడానికి మా వాళ్ళు పోరు. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: మంచం ఉందని కార్డు వస్తే రోగి కోసం ఆగకండి. ఇంట్లో నడవగలిగినవాళ్ళు ఎవరైనా ఆ రోజే బండెక్కి, పగటిపూట గుట్ట మీది దఫ్తరు ముందు నిలబడి, మా మనిషి వస్తోందని చెప్పండి.

బీరయ్య ఆ రోజు ఎండ ఎక్కకముందే వెళ్ళిపోయాడు. నేను సాయంత్రం బండికి వెళ్ళాను. తరువాతి మంగళవారం మంచం ఖాళీ అయింది. అప్పుడు దఫ్తరు ముందు నిలబడిన మనిషి దేవమ్మ. లచ్చమ్మ పాల బండిలో గుట్ట ఎక్కింది.