తాలింపు పెట్టిన మజ్జిగ

నాలుగేళ్ల కిందట, వేసవి మొదట్లో, మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా నా చివరి సంవత్సరం గడుస్తోంది. ఆసుపత్రిలో మా మెట్టు కాస్త కింద. డాక్టరుగారు జబ్బు పేరు రాస్తారు, మేము పథ్యం రాస్తాం, దాని కింద మళ్లీ ఆయనే సంతకం పెడతారు. పథ్యం చెప్పడం నా వృత్తి; దాన్ని పాటించకపోవడం నా ప్రవృత్తి. రోగుల దగ్గర మాత్రం కఠినంగానే ఉండేదాన్ని.

అప్పుడు నా దగ్గరికి వచ్చినామె వెంకటలక్ష్మి. పుల్లలచెరువు పక్క పల్లె. ఇంట్లో గొర్రెలు, రెండు బర్రెలు. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆమెకు పడదని తేలి ఆరు నెలలైంది. గ్లూటెన్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తే, పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి కూడా కొన్నాళ్లు తగ్గుతుంది. అందుకని గోధుమతో పాటు పాలూ పెరుగూ మాన్పించాం. జొన్నన్నం, కొర్రన్నం తిని మనిషి తేరుకుంది. కానీ ఎముకల బలం తగ్గిందని రిపోర్టు వచ్చింది. ఇక పాలూ పెరుగూ మళ్లీ మొదలుపెట్టాలి. రోజూ చల్ల చిలికి ఇంటిల్లిపాదికీ పోసే మనిషి, ఆరు నెలలుగా వేలికంటిన వెన్న కూడా నాకలేదు.

ఈ పనికి ఒక వరస ఉంది. ముందు నెయ్యి, తర్వాత మజ్జిగ, పెరుగు, చివర పాలు. ఒక్కోటి మూడేసి రోజులు. తిన్నదీ, ఆపైన ఒంట్లో ఎలా ఉన్నదీ డైరీలో రాయాలి. నెయ్యితో నెయ్యం సులువుగానే కుదిరింది. మజ్జిగ దగ్గర ఆగిపోయాం. మొదటి రోజు కడుపుబ్బరం, రెండో రోజు నొప్పి, మూడో రోజు ‘బాగుంది’.

ఆ మూడో మాట నేను నమ్మలేదు. పెరుగు మీద ఆశతో రాసిందనుకుని, ‘పాలు పడవు’ అని ఫైల్లో రాయడానికి పెన్ను తీశాను. ఆ మాట ఒకసారి ఎక్కితే మళ్లీ కొట్టేయడం కష్టం. ఇక ఆమెకు పెరుగన్నం లేనట్టే. రాసేముందు, నిజం చెప్పమని కొంచెం గట్టిగా అడిగాను.

“నిజమే మేడం. ఆ పొద్దు మా అత్త గిద్దలూరు పోయింది. నేనే ఇంత ఉప్పేసుకుని తాగినా.”

పక్కనే కూర్చున్న అత్తగారు కొంగు సర్దుకుంది. “ఏందే, నేనేమన్నా మందు పెట్టినానా?”

నేను మధ్యలో దూరి, ఆ రెండు రోజులూ మజ్జిగ ఎలా చేశావు పెద్దమ్మా అని అడిగాను. జబ్బు మనిషికి ఒట్టి మజ్జిగ ఎట్ల ఇస్తారని ఆమె ఆశ్చర్యపోయింది. జీలకర్ర, కరివేపాకు, కడుపు ఉబ్బకుండా రెండు చిటికెల ఇంగువ వేసి తాలింపు పెట్టిందట. మరి డైరీలో ఇంగువ ఎందుకు రాయించలేదన్నాను.

“తిన్నవి రాయమంటివి కదమ్మా. ఇంగువ తిండేంది? అది మందు.”

వాళ్లింట్లో వాడే రకం ఇంగువ డబ్బానే ఎదురు దుకాణం నుంచి తెప్పించి, కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమపిండి. పొడి ఇంగువలో పిండి కలపడం మామూలే, ఆ సంగతి నాకు తెలుసు కూడా. రవ్వ, సేమియా, బిస్కెట్లు అంటూ పేజీన్నర రాసిచ్చిన నా నిషేధాల పట్టికలో ఇంగువ లేదు. వాళ్లింట్లో కడుపు బాగాలేనప్పుడే దాన్ని బయటికి తీస్తారు కనుక ఆరు నెలలూ బయటపడలేదు. ఈ తప్పులో పెద్ద పాలు నాదే.

డాక్టరుగారితో చెప్పి, ఉప్పు మజ్జిగతో మళ్లీ మొదలుపెట్టాం. మూడు రోజులూ ‘బాగుంది’. ఈసారి నమ్మాను. ఆ తర్వాతి వారమే ఆమె పెరుగన్నం తింది. అత్తగారు ఫోను చేసి, తన బర్రెలకు చెడ్డపేరు తప్పిందని సంతోషపడింది. కోడలెలా ఉందో నేనే అడగాల్సి వచ్చింది.

అప్పటినుంచి ఏం తిన్నావని మాత్రమే అడిగి ఊరుకోలేదు. ఎవరు వండారు, ఎలా వండారు, మంచిదని ఏమేం కలిపారు అని కూడా అడిగేదాన్ని. పథ్యం కాగితం రోగి చేతికి ఇస్తాం. దాన్ని అమలు చేసేది పొయ్యి దగ్గరున్న మనిషి. ఆ మనిషిని కూడా గదిలోకి పిలిచి కూర్చోబెట్టాలి.