తడ నుంచి తెచ్చిన బెరడు

నిన్న మా ఆవిడ పూలకుండీల కోసం తెప్పించిన మట్టి సంచీ మూతి కత్తిరించగానే పైన్ బెరడు వాసన గుప్పుమంది. తొలకరి పడ్డ అడవిలో వచ్చే వాసన. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెయ్యి మార్చి మళ్లీ చూశాను. "మట్టిని ఎవురైనా అన్నిసార్లు వాసన సూస్తారా?" అని ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మునిరత్నం మామ గుర్తొచ్చాడు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. తిరుపతిలో మా పక్కింటాయన. మున్సిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మేడ మీద పళ్లేల్లాంటి కుండీల్లో జానెడు, మూరెడు బోన్సాయ్ చెట్లు పెంచేవాడు. అన్నిటిలోకీ ఒక చింతచెట్టంటే ఆయనకు ప్రాణం. ఏడాదికి సరిపడా చింతపండు గింజలు తీస్తూ ఆయన భార్య సరోజత్త ఊరికే ఒక గింజను కుండీలో గుచ్చిందట. చెట్టుకు ముప్పై ఏళ్లు దాటాయి, అత్త ఎప్పుడో పోయింది. "మీ అత్తకు నీళ్లు పోసొస్తా ఉండప్పా" అని మెట్లెక్కుతుంటే మొదట్లో నేను ఆటపట్టించేవాణ్ణి.

"వట్టి మట్టి పోస్తే గట్టిపడి వేర్లకు ఊపిరాడదప్పా. బెరడు కలిపితే తేమ ఉంటాది, నీళ్లు నిలవవు" అనేవాడు. తిరుపతిలో పైన్ చెట్లెక్కడివి? నేను నాయుడుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తున్నాను గనక ఆ పని నా నెత్తిన పడింది. అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే తడ దగ్గర ఒక కట్టెల డిపోకు ఓడలో దిగిన పైన్ దుంగలు వచ్చేవి. వాటి నుంచి ఊడిన బెరడు కుప్పలో అడుగుది, ఏడాదిగా వానకు నాని నల్లబడింది మాత్రమే ఏరుకుని, గోనెసంచిలో బస్సెక్కించి తెచ్చేవాణ్ణి. మామ దాన్ని ఎండబోసి, సుత్తితో చితక్కొట్టి, మూడు జల్లెళ్లు పట్టేవాడు. వీటన్నిటికంటే ముందు వాసన చూసేవాడు.

ఒకసారి బద్ధకించి కుప్ప పైనున్న కొత్త బెరడే తెచ్చాను. ఆయన ఒక్క పిడికెడు వాసన చూసి సంచి మూతి కట్టేశాడు.

"ఇంకా బంక వాసన కొడతా ఉండాది. పచ్చిది. పనికిరాదు."

"అంత ఎండలో మోసుకొచ్చినా కదా మామా, ఈసారికి సర్దుకో."

"నేను సర్దుకుంటానప్పా. చెట్టు యాడ సర్దుకుంటాది?"

నాకు ముక్కు మీద కోపం. రెండు వారాలు ఆ మేడ ఎక్కలేదు. మూడో వారం వెళితే ఏమీ జరగనట్టు జల్లెడ నా చేతికిచ్చాడు. ఇప్పటికీ మా ఫ్యాక్టరీలో నాసిరకం సరుకు నా చేతి మీదుగా బయటికి పోదు. అది ఆయన పెట్టిన బుద్ధే.

తర్వాత కరోనా వచ్చింది. మామకు జ్వరం తగ్గింది గానీ పోయిన వాసన తిరిగి రాలేదు. "మల్లెపూవూ ఒకటే, మురిక్కాలవా ఒకటే అయిపోయినాదప్పా" అని దిగులుపడేవాడు. ఆ ఏడు చింతచెట్టుకు మట్టి మార్చాలి. తడ వెళ్తే పాత కుప్ప లేదు. కోసిన పలకలు పేర్చిన గోడ పక్కన కాస్త నల్లబెరడు ఉంటే ఎత్తుకొచ్చాను.

"నా ముక్కు సచ్చిపోయింది. నువ్వు సూసి చెప్పప్పా. నువ్వు మంచిదంటే మంచిదే."

వాసన చూశాను. అడవి వాసన కింద ఎక్కడో సన్నగా కిరసనాయిలు వాసన. బస్సు డీజిలు వాసన అంటిందేమోలే అనుకున్నాను. నిజానికి అనుమానం కలిగింది. కానీ మళ్లీ తడ వెళ్లాలంటే ఇంకో ఆదివారం పోతుంది.

"బాగుంది మామా" అన్నాను.

నెల తిరక్కుండానే చింతాకు రాలిపోయింది. కుండీలోంచి తీసి చూస్తే వేర్లన్నీ నల్లగా మాడి ఉన్నాయి. మామ ఆ వేర్లను చాలాసేపు చేత్తో నిమిరాడు. "నాదే తప్పప్పా. వాసన పోయినట్టే సేతికి అంచనా కూడా పోయినట్టుండాది. నీళ్లెక్కువ పోసేసినా" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత డిపోకు వెళ్లి అడిగితే కాపలాదారు, "ఆ గోడకాడ పలకలకు చెదల మందు కొడతారు కద సార్" అన్నాడు.

చెప్పాలనే మెట్లెక్కేవాణ్ణి. ఆయన ముఖం చూడగానే ఇంకేదో మాట్లాడి దిగొచ్చేసేవాణ్ణి. ఇంతలో ఆయన మిగతా చెట్లన్నీ ఒక్కొక్కటే ఇచ్చేయడం మొదలుపెట్టాడు. "నా సేతిలో ఇంకేదీ సావకూడదు" అన్నాడు. ఆ కుండీలను కిందికి మోసి ఆటోల్లో పెట్టింది కూడా నేనే. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఖాళీ మేడ మీద కుర్చీ వేసుకుని ఆయన రెండేళ్లు బతికాడు.

పోయే ముందు మూడు జల్లెళ్లూ నాకిచ్చాడు. "పెట్టుకోప్పా. నా ముక్కు పోయినా నీ ముక్కు ఉన్నిందని ధైర్యంగా ఉంటి" అన్నాడు. అవి మా మేడ మీద మేకుకు వేలాడుతున్నాయి. నేను ఒక్క చెట్టూ పెట్టలేదు.

నిన్న మా ఆవిడ, "ఎట్లుండాది, మంచిదేనా?" అని అడిగింది. మూడోసారి వాసన చూశాను. మంచిదే. అయినా "బాగుంది" అనే ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.