ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు: క్రాన్‌బర్న్ నుంచి పాస్‌పోర్టు ఆఫీసుకి ఒక రోజు

పాస్‌పోర్టు పని మీద క్రాన్‌బర్న్ నుంచి మెల్‌బోర్న్ సిటీకి ఎలా వెళ్ళాలి, ఎంతసేపు పడుతుంది, వెంట ఏం తీసుకెళ్ళాలి అని మా చర్చికి కొత్తగా వచ్చే పిల్లలు అడుగుతుంటారు. నేను ఆ దారిన ఒక్కసారే వెళ్ళాను, మా కోడలు సుహాసినికి తోడుగా. చూడ్డానికి వెళ్ళిన ప్రయాణం కాదు. అయినా అదే దారిన వెళ్ళాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

సుహాసిని ఇక్కడికి నర్సింగ్ చదవడానికి వచ్చింది. చదువు మధ్యలోనే మా అబ్బాయితో పెళ్ళయింది. పెళ్ళి నర్సాపురం వైపు, వాళ్ళ చర్చిలో చేశాం. తిరిగి వచ్చాక చూసుకుంటే ఆమె పాస్‌పోర్టు గడువు దగ్గరపడింది. ఎలాగూ కొత్తది తీసుకోవాలి, పేరు కూడా అప్పుడే మార్పించేద్దాం, రేపు ఇక్కడే స్థిరపడ్డానికి పెట్టే పీఆర్ కాగితాలకి ఇద్దరికీ ఒకే ఇంటి పేరు ఉంటే మేలు అన్నాడు మా అబ్బాయి. చొప్పల సుహాసిని, కాటూరి సుహాసిని అవుతుంది. ఆ పిల్ల కూడా సంతోషంగానే సంతకం పెట్టింది. పాత పాస్‌పోర్టు దరఖాస్తుతో పాటే ఇచ్చేశారు. ఇండియాలో చిరునామా అడిగితే వాళ్ళమ్మ గారి ఇల్లు రాశారు. నేనూ మా ఆవిడా ఇక్కడే ఉన్నాం, ఊళ్ళో మా ఇంటికి తాళం వేసి ఉంది మరి.

విచారణకి కానిస్టేబుల్ ఆ ఇంటికి వెళ్ళాడు. ఆ వేళకి సుహాసిని వాళ్ళమ్మ డయాలసిస్‌కి భీమవరం వెళ్ళి ఉంది. ఇంట్లో ఆవిడ చెల్లెలు రత్నమ్మ ఒక్కతే ఉంది. కాటూరి సుహాసిని ఇక్కడ ఉంటుందా అని అడిగాడట. మా వైపు పల్లెల్లో పోలీసు గుమ్మంలోకి వచ్చి ఎవరి పేరైనా అడిగితే తెలియదనే అంటారు. ఏం కేసో ఏమోనని భయం. "కాటూరోళ్ళు ఇక్కడెవరూ లేరు బాబూ, ఇది చొప్పలోళ్ళ ఇల్లు" అంది రత్నమ్మ. ఈ ఇంటి ఆడపిల్లేనట కదా అని అతను రెట్టించాడట. "పెళ్ళి చేసి పంపించేశామండి. ఇప్పుడు ఆ పిల్ల మా ఇంటి మనిషి కాదు" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. పెళ్ళయిన పిల్ల గురించి మేమందరం అలాగే అంటాం. అతను అదే రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత ఇక్కడికి చేరి దరఖాస్తు ఆగిపోయిందని మాకు తెలిసేసరికి వాళ్ళమ్మని ఐసీయూలో పెట్టారు. చూడాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే పిలిపించుకోండి అని డాక్టరు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మేం బయల్దేరాం. మా అబ్బాయికి వేర్‌హౌస్‌లో షిఫ్టు మారలేదు, మా ఆవిడకి మోకాళ్ళు బాగాలేవు. అలా నేను వెళ్ళాను. కోడలితో అంత దూరం నేనొక్కణ్ణే వెళ్ళడం అదే మొదలు. ఆమె నా ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పదు, నేనూ అడగను. మా ఇళ్ళల్లో అంతే.

మా వీధి చివర నుంచి స్టేషనుకి బస్సు ఉంది. మైకీ అనే కార్డులో డబ్బు వేసుకుంటే బస్సుకీ రైలుకీ అదే పనిచేస్తుంది. రోజంతా ఎంత తిరిగినా మనిషికి పదకొండు డాలర్లు దాటదు. చలికాలం, అద్దాల మీద మంచు పట్టి ఉంది. మేం ఎక్కేసరికి బస్సు ఇంకా బయల్దేరలేదు. డ్రైవరు నా వయసువాడే, ఊలు టోపీ పెట్టుకున్నాడు. మా మాట విని వెనక్కి తిరిగాడు.

"తెలుగా అన్నా? నాది ఫిజీ. మా అవ్వ తెలుగే మాట్లాడేది. నాకు కొంచెం కొంచెం. ఎక్కడికి, సిటీకా?"

"పాస్‌పోర్టు పని" అన్నాను.

"రెన్యూవలా?"

"పెళ్ళయ్యాక పేరు మార్పు."

అతను నవ్వాడు. "మా తాత ఫిజీకి షిప్ ఎక్కేటప్పుడు గుమస్తా ఒక్క పేరే రాసుకున్నాడంట. ఇంటి పేరు అక్కడే ఒడ్డు మీద ఉండిపోయింది. అదేంటో నాకు తెల్వదు, నా కొడుక్కి తెల్వదు. నో వర్రీస్, బతుకుతున్నాం కదా."

"మీది పోయింది అంకుల్. నాకేమో రెండున్నాయి" అంది సుహాసిని.

"అయితే ఒకటి నాకు ఇచ్చెయ్ అమ్మా, వాడుకుంటా!"

ఆ వారంలో ఆమె నవ్వడం అప్పుడే చూశాను. స్టేషను దగ్గర దిగుతుంటే అతను వెనక నుంచి గట్టిగా అన్నాడు, "మంచిగా దొరుకుతుంది అన్నా. సాయంత్రం దాకా నేను ఇదే రూటులో ఉంటా."

క్రాన్‌బర్న్ ఆ లైనుకి చివరి స్టేషను కాబట్టి పొద్దున కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. సిటీకి గంట పైన పడుతుంది. డాండెనాంగ్ దాకా ఖాళీగా ఉండి, అక్కడ నుంచి కిక్కిరిసిపోతుంది. మనవాళ్ళే ఎక్కువ. కొంత దూరం రైలు వంతెన మీద నుంచి పోతుంది. కింద ఇళ్ళ పెరళ్ళు, తీగల మీద ఆరేసిన బట్టలు, నిమ్మచెట్లు కనిపిస్తాయి. కిటికీ వైపు కూర్చుంటే పొద్దు పోతుంది. సుహాసిని వాటిని చూడలేదు. ఒళ్ళో ఫోను, పక్కన ఆసుపత్రి కాగితాల సంచీ. కాలేజీ వాళ్ళు శిక్షణకి వేసిన ఆసుపత్రి డ్యూటీ వచ్చేవారం మొదలు. అది వదిలేస్తే ఆ సెమిస్టరు పోతుంది. ఆ సంగతి ఆమె అనలేదు, మా అబ్బాయి చెప్పాడు.

కొంతసేపటికి తనే అంది, "మావయ్య గారూ, నిన్న పిన్ని ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టింది. వస్తున్నానని చెప్పేశాను."

"మంచిదమ్మా" అన్నాను.

"టికెట్ బుక్ చెయ్యలేదు ఇంకా."

"చేద్దాంలే."



మన ఇండియా పాస్‌పోర్టు ఆఫీసు సిటీ మధ్యలో, స్టేషను నుంచి పది నిమిషాల నడక. పెద్ద భవనంలో పై అంతస్తు. ముందుగా ఆన్‌లైన్‌లో టైము తీసుకోకపోతే లోపలికి రానివ్వరు. అర్జంటు అని ఆసుపత్రి ఉత్తరం చూపిస్తే మాత్రం టోకెన్ ఇచ్చి కూర్చోబెడతారు. తినడానికి ఒప్పుకోరు, మంచినీళ్ళు తాగొచ్చు. మా పక్క కుర్చీలో గుంటూరు వైపు ఆవిడ ఒకరు కూర్చుని ఉన్నారు. పాపకి పాస్‌పోర్టు కోసం వచ్చారట. రెండు మాటల్లో మా సంగతి రాబట్టేశారు.

"పేరు మార్చావా? అయ్యో, ఎందుకు కెలుక్కున్నావమ్మా! నేనైతే మార్చనని చెప్పేశా. మా అత్తగారు ఏడాది పాటు నాతో డైరెక్ట్‌గా మాట్లాడలేదు. 'ఆ చదువుకున్నావిడని అడగరా' అని మా ఆయనతో చెప్పించేది. పోన్లే, హౌస్ క్వయట్‌గా ఉందనుకున్నా." అంతలో నా వైపు చూసి నాలిక కరుచుకున్నారు. "సారీ అంకుల్. మీరు అలాంటివాళ్ళని కాదు."

ఫర్వాలేదన్నాను. ఆవిడ పాప చేతిలో బిస్కట్టు తీసి సుహాసినికి ఇచ్చారు. ఆమె దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

మా నంబరు పిలిచేసరికి పదకొండయింది. కౌంటర్‌లో అమ్మాయి చిన్నది, మన తెలుగమ్మాయే. మర్యాదగానే మాట్లాడింది. కంప్యూటర్లో చాలాసేపు చూసింది.

"ఆ పేరు గల వ్యక్తి ఆ అడ్రస్‌లో లేరని రిపోర్ట్ వచ్చింది అక్కా. రీ-ఎంక్వయిరీకి పంపారు. అది వచ్చేదాకా ఫైల్ కదలదు."

"అది మా అమ్మ ఇల్లండీ. నేను పుట్టింది ఆ ఇంట్లోనే" అంది సుహాసిని.

"అర్థమైంది అక్కా."

"పాతది ఇచ్చెయ్యండి పోనీ. పేరు మార్పు వద్దు. పాత పేరుతోనే వెళ్తాను."

"ఫైల్‌తో పాటు అది కూడా ఎంక్వయిరీలో ఉంది. ఇవ్వడానికి లేదు. ఎమర్జెన్సీ పేపర్ అని ఒకటి ఉంటుంది. ఇండియా వెళ్ళడానికే, వన్ వే. తిరిగి రావాలంటే అక్కడ మళ్ళీ పాస్‌పోర్ట్ తీసుకోవాలి, వీసా చూసుకోవాలి. మీకు క్లాసులు ఉంటాయి కదా, ఆలోచించుకోండి."

సుహాసిని ఆలోచించలేదు. "రావడం సంగతి తర్వాత. వెళ్ళడానికి ఇవ్వండి."

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి పెద్దవాళ్ళని అడిగి వచ్చింది. ఆ కాగితానికి కూడా ఊరి నుంచి ఒక మాట రావాలి, ఈమె ఫలానా ఇంటి మనిషేనని. సోమవారానికి రావచ్చు అంది. ఆ రోజు గురువారం. అప్పుడు నేను కౌంటరు దగ్గరికి జరిగాను. అలాంటి చోట నోరు తెరవడం నాకు చేతకాదు. "మా కోడలేనమ్మా. నేను చెప్తున్నాను కదా" అన్నాను.

"మీరు చెప్పింది నమ్ముతున్నాను అంకుల్. కానీ అది నేను రాసుకోవడానికి లేదు" అంది ఆ అమ్మాయి. ఆమె కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. ఆమెని అనడానికి ఏమీ లేదు.

కిందికి వచ్చి నది ఒడ్డున బల్ల మీద కూర్చున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీలు తీశాను. సుహాసిని ఒకటి తుంచి సీగల్ పక్షులకి వేసింది. రెండు దాటాక తిరుగు రైలు ఎక్కాం. ఆ వేళకి రైళ్ళు ఖాళీగా ఉంటాయి, అది కూడా గుర్తుపెట్టుకోండి. రైలు వంతెన మీదికి ఎక్కేటప్పుడు ఫోను మోగింది. అక్కడ అప్పుడు పొద్దున్న. సుహాసిని తెర మీద పిన్ని పేరు చూసింది. ఎత్తలేదు. ఫోను నా చేతిలో పెట్టింది.

"అన్నయ్య గారండీ..." అంది రత్నమ్మ. తర్వాత చాలాసేపు ఏడుపే వినిపించింది. "అక్క వెళ్ళిపోయిందండీ. తెల్లారగట్ల ఒకసారి కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసింది. బేబి ఫ్లైట్‌లో ఉందని చెప్పానండి నేను." బేబి అంటే సుహాసినే. ఊళ్ళో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. "ఆ రోజు ఆ పోలీసాయనతో ఉందని ఒక్క మాట అనుంటే సరిపోయేదండి. నా నోరు పడిపోను."

"మీరేం చేస్తారమ్మా" అన్నాను. ఫోను పెట్టేసి పక్కకి చూస్తే సుహాసిని కిటికీ వైపు తిరిగి ఉంది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. కింద పెరళ్ళలో ఆరేసిన బట్టలు పొద్దున్నవే, ఇంకా ఎవరూ తియ్యలేదు. డాండెనాంగ్‌లో స్కూలు పిల్లలు అరుస్తూ ఎక్కి, అరుస్తూ దిగిపోయారు. క్రాన్‌బర్న్ దాకా ఆమె చెయ్యి నా కోటు కొస పట్టుకునే ఉంది.

స్టేషను బయట పొద్దున్నటి బస్సే ఆగి ఉంది. "దొరికిందా అన్నా?" అన్నాడు డ్రైవరు. నేను తల అడ్డంగా ఊపాను. అతను సుహాసిని మొహం చూశాడు. ఇల్లు ఏదో నన్నడిగి, మా వీధి చివర స్టాపు దాటి, మా ఇంటి గేటు ముందు ఆపాడు. అలా ఆపకూడదని నాకు తెలుసు.

మర్నాడు సమాధి కార్యక్రమం వంటగదిలో బల్ల మీద ఫోను నిలబెట్టి చూశాం. పాస్టరు గారు ప్రార్థనలో "దూరదేశాన ఉన్న కుమార్తె బేబిని ఆదరించు ప్రభువా" అన్నారు. ఆ తర్వాత బొమ్మ ఆగిపోయింది. మట్టి వేయడం మాకు కనపడలేదు. జ్ఞాపకార్థ కూటం అయ్యాక రత్నమ్మ ఎవరూ పిలవకుండానే పోలీసు స్టేషనుకి వెళ్ళిందట. "కాటూరి సుహాసిని మా పిల్లే. మా ఇంటి పిల్లే. రాసుకోండి బాబూ" అని అక్కడే నిలబడిందట. వాళ్ళు రాసుకున్నారు. నెల తిరక్కుండా కొత్త పాస్‌పోర్టు పోస్టులో ఇంటికి వచ్చింది.

దాని గురించి ఎక్కువ రాయలేను. సుహాసిని డ్యూటీకి వెళ్తోంది, పరీక్షలు రాస్తోంది. ఇప్పుడు ఎక్కడికైనా వెళ్ళొచ్చు, వెళ్ళాల్సిన చోటు లేదు. పాస్‌పోర్టు వచ్చిన రోజు మొదటి పేజీలో కొత్త పేరు చూపించమని మా ఆవిడ అడిగింది. ఆమె చివరి పేజీ తెరిచింది. అక్కడ తల్లి పేరు అచ్చు వేసి ఉంటుంది. వేలు దాని మీద పెట్టింది. ఆ పేరు ఏమీ మారలేదు. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఇక ఈమె మా ఇంటి మనిషి కాదు అని ఎన్ని పెళ్ళిళ్ళలో నవ్వుతూ అనుకున్నామో. ఎవరో ఒకరు దాన్ని నిజంగా రాసుకుపోతారని అనుకోలేదు.

ఈ దారిన వెళ్ళబోయేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. టైము బుక్ చెయ్యకముందే, కాగితాలు సర్దకముందే, ఇంటికి ఫోను చెయ్యండి. అమ్మకొక్కదానికే చెప్పి ఊరుకోకండి. పిన్నికి, పక్కింటివాళ్ళకి, గుమ్మంలో కూర్చునే ముసలివాళ్ళకి కూడా మీ కొత్త ఇంటి పేరు చెప్పండి. ఎవరొచ్చి ఆ పేరుతో అడిగినా భయపడొద్దనండి. "ఉంది, మా పిల్లే" అని చెప్పమనండి.