కింది కొమ్మ

సికింద్రాబాదుకు బోన్సాయ్ తెచ్చినవాణ్ని నేనే అని చాలామందికి చెప్పాను. సికింద్రాబాదు కాదు, మెట్టుగూడ. మెట్టుగూడ కూడా కాదు, మా వీధి. మా వీధిలోనైనా సొంతంగా మొదలుపెట్టింది లేదు. రైల్వే ఆఫీసులో నా ఎదుటి కుర్చీలో పద్దెనిమిదేళ్లు కూర్చున్న ఒక పెద్దాయన నేర్పారు. ఆయనది మౌలాలి. నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవారు.

ఆయన డాబా మీద చిన్నచిన్న తొట్లలో పాతిక చెట్లుండేవి. వాటిలో ఆయన ప్రాణం ఒక చింతచెట్టు. జానెడున్నర ఎత్తు. రైల్వే గోడ పగులులో మొలిచిన మొక్కను గోరుతో పెకలించి తెచ్చుకున్నారట. దాని కింది కొమ్మ ఎడమవైపు సాగి, చివర కాస్త పైకి లేచి, చెయ్యి చాచి ఎవరినో రమ్మంటున్నట్టు ఉండేది. రాగితీగ చుట్టి చుట్టి ఆ ఒక్క కొమ్మను అలా వంచడానికి పదకొండేళ్లు పట్టింది. ఈ పదకొండు మాత్రం నేను పెంచిన అంకె కాదు.

రిటైరైన కొన్నాళ్లకు ఆయనకు గుండె ఆపరేషను అయింది. మెట్లెక్కకూడదన్నారు డాక్టర్లు. చెట్లన్నీ తెలిసినవాళ్లకు పంచేశారు. చింతచెట్టు మాత్రం నన్ను పిలిచి చేతిలో పెట్టారు.

"ఇది ఇచ్చుడు కాదు తమ్మీ, చూసుకొమ్మని చెప్పుడు. కొంచెం తేరుకున్నంక తీస్కపోత. శివరాత్రి అయినంక తొట్టి మార్చు. ఏర్లు మూడో వంతు కొయ్యి, ఆత్రపడి ఎక్కువ కొయ్యకు. కొమ్మకున్న తీగ ఉగాదికి ముంగలనే తియ్యాలె. గుంజకు. ముక్కలు ముక్కలు కత్తిరియ్యి."

"నాకు తెలీదా అన్నా?"

"తెలుసు. అందుకే భయం."

లోపలి గదిలోంచి వదిన నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఈ ఎండకాలం కింది కొమ్మకు చిగురు జూడాలె. గంతే," అన్నారు.

శివరాత్రి వెళ్లింది, చలి విరిగింది. మా పెరట్లో పాత గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాను. చెట్టును తొట్టిలోంచి ఎత్తి, వెదురుపుల్లతో వేళ్లు దువ్వాను. తొట్టి ఆకారంలోనే చుట్టుకుపోయిన వేళ్లను మూడో వంతు కత్తిరించాను. జల్లించిన ఇటుకపొడి, ఎర్రమట్టి, బాగా మాగిన పేడ ఎరువు కలిపి, అడుగు రంధ్రాలకు జాలీ ముక్క వేసి కూర్చోబెట్టాను. వారం రోజులు నీడలో ఉంచి, తడి ఆరకుండా పొద్దుటా సాయంత్రం నీళ్లు చిలకరించాను. ఇంత శ్రద్ధ నా పెళ్లప్పుడు కూడా చూపించలేదని మా ఆవిడ అంది. పది రోజులకు పాత ఆకు రాలి, కొమ్మలన్నిటా లేతాకుపచ్చ చుక్కలు పొడిచాయి. కింది కొమ్మకు కూడా.

తప్పంతా ఆ తర్వాతే జరిగింది. ఈస్టరుకు మా చర్చి ఆవరణలో కుండీల పోటీ పెట్టేవారు. ఉగాదికి తీగ తీసేస్తే, ఈస్టరు నాటికి కొమ్మ వంపు కొంచెం సడలుతుందేమోనని నాకు అనుమానం. ఆ ఏడు ఈస్టరు బాగా ఆలస్యంగా వచ్చింది. అయినా ఆగాను. వసంతంలో కొమ్మ రోజురోజుకూ లావెక్కుతుందని, బిగించిన రాగితీగ వెంట్రుకవాసి కూడా సాగదని నాకు తెలుసు. తెలిసే ఆగాను. పోటీ రోజున పాస్టరుగారు చెట్టు వయసెంతని అడిగితే, నిజాం కాలం నాటిది, నూరేళ్లుంటాయన్నాను. ఆయన ముక్కు మీద వేలేసుకున్నారు.

ఇంటికొచ్చి చూస్తే తీగ బెరడులో దిగబడి కనిపించడం లేదు. కత్తిరిద్దామంటే కత్తెర మొన దూరలేదు. కొస పట్టుకుని గుంజాను. తీగతో పాటు బెరడు కూడా చుట్టూ ఊడివచ్చింది. పది రోజుల్లో కింది కొమ్మ మీది చిగురంతా ముడుచుకుని రాలిపోయింది.

మౌలాలి బస్సెక్కి, చెట్టు ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. దారంతా కథ అల్లాను. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. మనిషి సగమయ్యారు.

"కోతులన్నా. ఒకటీ రెండూ కాదు, ఇరవై వచ్చాయి మా పెరట్లోకి. కర్ర తీసుకుని వెళ్లేసరికి కొమ్మ పట్టుకుని వేలాడుతోంది పెద్దది."

ఆయన బొటనవేలు కొమ్మ మీద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా జరిపారు. వేలు చుట్టుచుట్టుగా ఉన్న గాడిలోనే నడిచింది.

"కోతికి తీగ చుట్టుడు సుత వస్తదా తమ్మీ?"

వదిన తెచ్చిన చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ఈస్టరు దాకా ఉంచాను అన్నా," అన్నాను. "పోటీకి. నీ చెట్టని కూడా ఎవరికీ చెప్పలేదు."

"ఇనాం వచ్చిందా?"

"రెండోది."

"మొదటిది ఎవ్వలకు?"

"ఒక టీచరమ్మ డాలియా పూలకి."

ఆయన నోరు నవ్వబోయి ఆగిపోయింది. ఆపరేషను కుట్టు మీద అరచెయ్యి ఆనించుకుని అన్నారు: "ఇంకో కొమ్మ తయారు చెయ్యాలంటే పదకొండేండ్లు. నా తాన గన్ని యాడున్నయ్ తమ్మీ?"

కోసేయమంటావా అని అడిగాను. వద్దన్నారు. గూట్లోంచి చిన్న కత్తి తెప్పించి నా చేతికిచ్చి, ఆ కొమ్మకు మిగిలిన బెరడు తన ఎదుటే గీకించారు. మధ్యలో ఒకటి రెండుసార్లు "జెర మెల్లగ" అన్నారు, అంతే. పని అయ్యేసరికి తెల్లటి కట్టె మిగిలింది. "ఉండనీ. గిట్ల సుత ఉంటది చెట్టు," అన్నారు. తిరిగి నాతోనే పంపించారు.

మరుసటి ఏడు ఉగాదికి వారం ముందు ఫోను చేశారు. "తీగ ఇప్పినవా?" ఆ ఏడు నేను ఏ కొమ్మకూ తీగ చుట్టనేలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. "విప్పానన్నా," అన్నాను. "మంచిది," అన్నారు. ఆ వానాకాలం దాటలేదు ఆయన.

చెట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చూడవచ్చినవాళ్లు వయసు అడిగితే నూటయాభై అంటాను; చాయ్ అయ్యేలోపు నలభైకి దిగుతాను. కింది కొమ్మ ఎందుకలా ఎండిందని అడిగితే మాత్రం నేనే చంపానని మొదటి మాటగానే చెబుతాను.